హాక్ మౌంటెన్‌లో శరత్కాలపు వేటపక్షుల లెక్క: ఆ అంకెలను ఎలా చదవాలి?

తూరుపుగాలి (ఎడిసన్, న్యూజెర్సీ) | సెప్టెంబరు 9

సభ్యులందరికీ నమస్కారం. ఈ నెల మూడో వారంలో మేము కుటుంబంతో పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్‌కు వెళ్లాలనుకుంటున్నాము. ఇంటర్‌స్టేట్ 78 మీద పడమరగా వెళితే మాకు అది అంత దూరమేమీ కాదు. అక్కడ 1934 నుంచి శరత్కాలంలో దక్షిణానికి వలసపోయే డేగలను, గద్దలను, సాళువాలను లెక్కిస్తున్నారని, ఏటా సగటున 18,000 దాకా లెక్కకు వస్తాయని చదివాను. మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. వాడు వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను. ఎగిరిపోయే పక్షికి గుర్తేమీ ఉండదు. అది కొండ దాటి వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ వస్తే రెండుగా లెక్కపడదా? మరీ ఎత్తున పోయేది ఎవరి కంటా పడకపోతే ఆ లోటును ఎలా పూడుస్తారు? ఇవన్నీ ఉండగా "ఈ ఏడాది ఇన్ని పక్షులు" అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

కిట్టటిన్నీ (అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా) | సెప్టెంబరు 9

తూరుపుగాలి గారూ, మీ అబ్బాయి అడిగినది అక్కడ నిలబడి లెక్కించేవారు కూడా తమలో తాము వేసుకునే ప్రశ్నే. జవాబు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

ముందుగా స్థలం సంగతి. కిట్టటిన్నీ అనే పొడవాటి కొండవరుస న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాలోకి ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. చలిగాలుల పొర ఒకటి దాటిపోయిన మరునాడు వాయవ్యం నుంచి గాలి బలంగా వీస్తుంది. ఆ గాలి కొండవాలును ఢీకొని ముందుకు పోలేక పైకి లేస్తుంది. రెక్క ఆడించకుండా దాని మీద తేలుతూ మైళ్లకు మైళ్లు పోవచ్చు కనుక వేటపక్షులు కొండ శిఖరాన్నే పట్టుకుని నైరుతికి సాగుతాయి. నార్త్ లుకౌట్ అనే రాతి శిఖరం 1,521 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ కూర్చున్నవారికి కొన్ని పక్షులు కంటికి సమానమైన ఎత్తులో, ఒక్కోసారి కంటికి దిగువన కూడా వెళతాయి. మన వైపు గద్దను ఎప్పుడూ కింద నుంచే చూస్తాము కదా, ఇక్కడ దాని వీపు రంగు కనిపిస్తుంది. మొదటిసారి వెళ్లేవారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది అదే.

ఇక లెక్క. ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 వరకు, వాతావరణం అనుకూలించిన ప్రతి రోజూ ఒక అధికారిక లెక్కింపుదారు ఉంటారు. చుట్టూ ఉన్న సందర్శకులు చూపిస్తారు, కేకలు వేస్తారు, అది వేరే విషయం. కాగితం మీదికి ఎక్కేది మాత్రం ఆ లెక్కింపుదారు ఒప్పుకున్న పక్షే. గంట గంటకూ ఒక వరుస నింపుతారు. అందులో ఏ జాతి ఎన్ని అన్నదే కాకుండా గాలి దిక్కు, వేగం, ఉష్ణోగ్రత, మేఘాల శాతం, ఎంత దూరం స్పష్టంగా కనిపిస్తోంది, ఆ గంటలో ఎందరు చూస్తున్నారు, పక్షులు ఏ ఎత్తున పోతున్నాయి అనేవన్నీ ఉంటాయి. ఎత్తుకు అడుగుల లెక్క వేయరు. కంటికి దిగువన, మామూలు కంటికి తేలికగా కనిపించేంత, బైనాక్యులర్ ఉంటేనే కనిపించేంత అనే మెట్లకు సంకేత అంకెలు ఉన్నాయి. ఉత్తర అమెరికా అంతటా ఉన్న లెక్కింపు కేంద్రాలు ఒకే పద్ధతిని పాటించాలన్న ఉద్దేశంతో 1974లో ఏర్పడిన హాక్ మైగ్రేషన్ అసోసియేషన్ ఇలాంటి పట్టికనే అందరికీ అందించింది.

రెండుసార్లు లెక్కపడడం గురించి అడిగారు. లెక్కింపుదారు నిలబడిన చోటు నుంచి ఒక ఊహాగీత ఉంటుంది. దాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి దాటి, ఆగకుండా వెళ్లిపోయిన పక్షిని మాత్రమే లెక్కలో వేస్తారు. ఆ కొండ మీదే కాపురం ఉండే రెడ్‌టెయిల్ డేగలు, టర్కీ రాబందులు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. రోజూ చూసేవారికి అవి ఏవో తెలిసిపోతుంది, వాటిని వదిలేస్తారు. గీత దాటినది వెనక్కి తిరిగి ఉత్తరానికి పోతే ఒకటి తీసివేస్తారు. ఇంత చేసినా అప్పుడప్పుడు తప్పు జరగదని ఎవరూ అనరు. అయితే ఆ తప్పు ఏటా దాదాపు ఒకే మోతాదులో ఉంటే, ఒక ఏటిని మరో ఏటితో పోల్చడానికి పెద్ద అడ్డం కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది. 18,000 అనేది ఆ దారిన వెళ్లిన పక్షుల సంఖ్య కాదు, ఒకే చోట ఒకే పద్ధతిలో చూసినవారికి కనిపించిన సంఖ్య.

మీరు వెళ్లే వారంలో ఎక్కువగా బ్రాడ్‌వింగ్ డేగలు వస్తాయి. వీటి దారే వేరు. ఇవి కొండగాలి మీద కంటే ఎండకు నేల వేడెక్కి లేచే గాలి మీద ఎక్కువగా ఆధారపడతాయి. ఒక పక్షి ఆ గాలిని కనిపెట్టి గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తుంది. దాన్ని చూసి చుట్టుపక్కలవి వచ్చి చేరతాయి. పదులు, వందలు ఒకే సుడిలో తిరుగుతున్నప్పుడు ఎవరూ లెక్కపెట్టలేరు, పెట్టకూడదు కూడా. అనుభవం ఉన్నవారు బైనాక్యులర్‌ను సుడి మీద కాకుండా దాని పైఅంచున నిలుపుతారు. గాలి పలచబడిన చోట పక్షులు రెక్కలు సగం ముడిచి ఒకదాని వెనుక ఒకటిగా నైరుతికి జారడం మొదలుపెడతాయి. ఆ బారును చేతిలోని క్లిక్కర్‌తో ఒకటొకటిగా నొక్కుతూ లెక్కిస్తారు. బారు మరీ చిక్కగా ఉంటే ఐదేసి, పదేసి చొప్పున నొక్కుతారు. 1978 సెప్టెంబరు 14న ఒక్కరోజే 21,000 పైచిలుకు పక్షులు ఇలా లెక్కకు వచ్చాయి. అలాంటి రోజు మీకు దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

అంకెలపిచ్చి (హైదరాబాదు) | సెప్టెంబరు 10

కిట్టటిన్నీ గారి వివరణ బాగుంది. కానీ "తప్పు ఏటా ఒకే మోతాదులో ఉంటే" అన్న షరతును అంత తేలికగా వదిలేయకూడదని నా అభిప్రాయం. 1930లలో అక్కడ ప్రధానంగా ఒకే మనిషి, అప్పటి బైనాక్యులర్‌తో చూసేవాడు. ఇప్పుడు సెప్టెంబరు శనివారం నాడు ఆ రాళ్ల మీద కూర్చునే చోటు దొరకదని విన్నాను. కళ్లు పెరిగాయి, అద్దాలు మెరుగుపడ్డాయి. పక్షులు తగ్గుతున్నా లెక్క తగ్గకుండా కనిపించే ప్రమాదం ఇందులో ఉంది. 1943 నుంచి 1945 వరకు యుద్ధం వల్ల లెక్కే లేదు. అలాంటప్పుడు తొంభై ఏళ్ల వరుసను ఒకే గీతగా గీసి "ఇదిగో పెరిగింది, ఇదిగో తగ్గింది" అనడం సరికాదు. కనీసం గంటకు ఎన్ని అనే లెక్కలోకి మార్చాలి, ఆ పైన గాలి దిక్కునూ చూసేవారి సంఖ్యనూ పరిగణనలోకి తీసుకోవాలి.

ఇంకొక మాట. బ్రాడ్‌వింగ్ డేగల మొత్తం సంఖ్యలో హాక్ మౌంటెన్‌కు కనిపించేది ఎంత? మెక్సికోలోని వెరాక్రూజ్ దగ్గర ఒక వైపు సియెర్రా మాద్రే పర్వతాలు, మరో వైపు సముద్రం ఉండడం వల్ల ఉత్తర అమెరికా నుంచి వచ్చే వేటపక్షులలో చాలా భాగం సన్నని దారిలోకి దిగుతాయి. అక్కడ ఏటా అన్ని జాతులూ కలిపి 40 లక్షలకు పైగా లెక్కిస్తారు. అందులో బ్రాడ్‌వింగ్‌లే 10 లక్షలు దాటుతాయి. దానితో పోలిస్తే హాక్ మౌంటెన్‌లో చూసేది బియ్యం బస్తాలోంచి తీసిన గుప్పెడు. గుప్పెడుతో బస్తా నాణ్యత చెప్పవచ్చు, బరువు చెప్పలేము. పైగా గాలి కాస్త మారితే ఆ గుప్పెడు ఇరవై మైళ్ల అవతల పడుతుంది.

పాతకాపు (విశాఖపట్నం) | సెప్టెంబరు 10

లెక్కల గొడవలోకి నేను రాలేను గానీ, ఒక సందేహం. 1934లో, అమెరికాలో కరవు రోజుల్లో, గద్దలను లెక్కపెట్టాలన్న ఆలోచన అసలు ఎవరికి వచ్చింది?

కిట్టటిన్నీ (అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా) | సెప్టెంబరు 10

పాతకాపు గారూ, మొదట వచ్చిన ఆలోచన లెక్కపెట్టడం కాదు, కాల్పులు ఆపడం. అదే శిఖరం మీద వందల మంది తుపాకులతో కూర్చుని, దాటిపోయే ప్రతి డేగనూ కాల్చేవారు. కోళ్లనూ వేటకు పనికొచ్చే పక్షులనూ తింటాయన్న కోపం ఒక కారణం, ఊరికే గురి చూసుకోవడం మరో కారణం. 1929లో పెన్సిల్వేనియా వేట శాఖ గోస్‌హాక్ అనే డేగను చంపితే 5 డాలర్లు బహుమానం ప్రకటించింది. కాల్చేవాడికి గోస్‌హాక్ ఏదో, మిగతావి ఏవో తెలిసేది కాదు, అన్నీ రాలేవి. రిచర్డ్ పో అనే ఆయన 1932లో అక్కడికి వెళ్లి, చనిపోయిన పక్షులను వరుసగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు చూసిన రోజలీ ఎడ్జ్ అనే న్యూయార్క్ మహిళ 1934లో దాదాపు 1,400 ఎకరాల ఆ కొండను లీజుకు తీసుకుని, మారిస్ బ్రూన్‌ను కాపలాకు పెట్టింది. భర్తతో పాటు వచ్చిన ఇర్మా బ్రూన్ దారి మొదట్లో నిలబడి తుపాకులవాళ్లను వెనక్కి పంపేది. కాపలా కాస్తూ ఖాళీగా కూర్చోవడం ఎందుకని బ్రూన్ దాటిపోయే పక్షులను లెక్కించడం మొదలుపెట్టాడు. తొంభై ఏళ్ల వరుసకు మొదలు అదే. 1938లో ఆ స్థలం శాశ్వతంగా అభయారణ్య సంఘం పేరు మీదికి వచ్చింది. వేటపక్షుల కోసమే ఏర్పడిన మొదటి అభయారణ్యం ప్రపంచంలో ఇదే.

అంకెలపిచ్చి గారూ, మీ వాదనతో నాకు చాలావరకు అంగీకారమే. ఇప్పటి విశ్లేషణలలో గంటకు ఎన్ని అనే లెక్కనే వాడతారు. అయినా పాత అంకెలు పనికిరావు అంటే ఒప్పుకోను, ఎందుకంటే వాటిలో అన్నిటికంటే పనికొచ్చినది మొత్తం సంఖ్య కాదు, నిష్పత్తి. బాల్డ్ ఈగిల్ అనే గద్ద పెద్దదైతే తల, తోక తెల్లగా ఉంటాయి, పిల్లదైతే అంతా ముదురు గోధుమ రంగు. దూరం నుంచి కూడా తేడా తెలుస్తుంది కనుక బ్రూన్ రెండిటినీ వేర్వేరుగా రాసుకున్నాడు. 1935 నుంచి 1939 వరకు కనిపించిన ఈగిల్‌లలో 40 శాతం ఆ ఏటి పిల్లలు. 1955 నుంచి 1959 మధ్య అది 20 శాతానికి పడిపోయింది. 1957లోనైతే 32 పెద్దవాటికి ఒక్క పిల్ల. రేచెల్ కార్సన్ అనే రచయిత్రి 1962లో డీడీటీ అనే పురుగుమందు గురించి రాసిన పుస్తకంలో ఈ అంకెలను ఎత్తి చూపింది. చూసేవారు ఎక్కువైనా తక్కువైనా, గాలి ఎటు వీచినా, పెద్దవీ పిల్లవీ ఒకే రకంగా పెరుగుతాయి, తగ్గుతాయి. నిష్పత్తి మాత్రం కదలదు. అది కదిలిందంటే గూళ్లలోనే ఏదో జరుగుతోందని అర్థం. గుడ్ల పెంకులు పలచబడి పగిలిపోతున్నాయన్నది తర్వాత తేలింది. 1972లో అమెరికాలో డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించారు. 1970లలో సీజన్ మొత్తానికి పదుల్లో కనిపించిన బాల్డ్ ఈగిల్ ఇప్పుడు వందల్లో కనిపిస్తోంది.

అంకెలపిచ్చి (హైదరాబాదు) | సెప్టెంబరు 11

నిష్పత్తి వాదన బలమైనదే. ఒప్పుకుంటున్నాను. అయితే దాని సరసనే రెడ్‌టెయిల్ ఉదాహరణను కూడా పెట్టాలి. తూర్పు అమెరికాలోని పలు కేంద్రాలలో శరత్కాలపు రెడ్‌టెయిల్ లెక్క తగ్గుతూ వచ్చింది. అదే కాలంలో ఉత్తరాది రాష్ట్రాలలో డిసెంబరులో జరిగే క్రిస్మస్ పక్షుల లెక్కలో రెడ్‌టెయిల్ పెరిగింది. పక్షులు తగ్గలేదు, చలికాలం మెత్తబడడంతో అంత దక్షిణానికి రావడం మానుకున్నాయి అన్నది చాలామంది పరిశోధకుల వివరణ. కేవలం కొండ మీద కూర్చున్నవాడికి ఇది తగ్గుదలలాగే కనిపిస్తుంది. కెస్ట్రెల్ అనే చిన్న సాళువ సంగతి వేరు. వలస లెక్కలోనూ, సంతాన కాలపు సర్వేలలోనూ తగ్గుతోంది కనుక అక్కడ తగ్గుదలను నిజమైనదిగానే తీసుకోవాలి. కాబట్టి ఒక కేంద్రం చెప్పిన మాటను మరో రకమైన లెక్కతో సరిచూసుకోకుండా వార్తగా ప్రచారం చేయడం మంచిది కాదు. పత్రికలవాళ్లు అలా సరిచూసుకోవడం ఎప్పుడూ చేయరు, అది నా పాత కోపం.

కిట్టటిన్నీ (అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా) | సెప్టెంబరు 11

ఈ విషయంలో మన మధ్య భేదం లేదు. తూరుపుగాలి గారికి ప్రయాణ సూచనలు మాత్రం చెప్పి ఊరుకుంటాను. నార్త్ లుకౌట్ దాకా సుమారు ఒక మైలు నడక, చివరి భాగమంతా రాళ్లు. పిల్లలకు చెప్పులు కాకుండా బూట్లు వేయండి. కూర్చోవడానికి దిండు లాంటిది ఉంటే నడుము బతుకుతుంది. గాలి చల్లగా ఉంటుంది, సెప్టెంబరు కదా అని పలచని చొక్కాతో వెళ్లవద్దు. నీలాకాశం చూసి సంబరపడకండి, వెనుక మేఘం లేకపోతే ఎత్తున పోయే డేగ నీలంలో కలిసిపోతుంది. తెల్లని మబ్బులు చెదురుమదురుగా ఉన్న రోజు మేలు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో పక్షులేవీ లేనట్టు అనిపిస్తుంది. నిజానికి అప్పుడు గాలి బాగా వేడెక్కి అవి చూపు ఆనని ఎత్తుకు వెళ్లిపోతాయి. ఆ సమయంలో భోజనం చేయడం ఉత్తమం.

తూరుపుగాలి (ఎడిసన్, న్యూజెర్సీ) | సెప్టెంబరు 21

కిట్టటిన్నీ గారికి కృతజ్ఞతలు. నిన్న వెళ్లి వచ్చాము. గాలి ఉత్తరం నుంచి నెమ్మదిగా వీచింది, మబ్బులు మీరు చెప్పినట్టే చెదురుగా ఉన్నాయి.

లెక్కింపుదారు పక్కనే చాలాసేపు కూర్చునే అవకాశం దొరికింది. ఎదురుగా కనిపించే కొండ గూనులకు వాళ్లు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టుకున్నారు. ఎవరో "మూడు మీద, చెట్ల పైన, ఎడమకు" అనగానే నలభై తలలు ఒకేసారి అటు తిరిగాయి. నాకు మొదట ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఒక మబ్బు అంచున మిరియాల గింజంత చుక్కలు తిరుగుతున్నట్టు తెలిసింది. మా వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దాటగానే తికమకపడ్డాడు. లెక్కింపుదారు మాత్రం కదలలేదు. బైనాక్యులర్ ఆ సుడి పైఅంచునే ఉంది, బొటనవేలు క్లిక్కర్ మీద ఊరికే ఆని ఉంది. చుక్కలు ఒక బారుగా మా తల మీదుగా జారడం మొదలయ్యాక ఆ వేలు కదిలింది, తల మాత్రం ఆకాశంలో ఒకే చోటును చూస్తూ నిలిచిపోయింది. బారు కదులుతోంది గానీ ఆయన చూపు కదలడం లేదు, ఆ చోటును దాటినదే లెక్క. మా వాడికి విషయం అప్పుడు అర్థమైంది, నాకూ అర్థమైంది. అయిపోయాక ఆయన క్లిక్కర్‌లోని అంకెను పట్టికలో రాసి, దాని పక్కన ఎత్తు సంకేతం వేసి, గాలి కొలిచే చిన్న మరను పైకెత్తి చూశారు.

ఇంకొకటి చెప్పాలి. రాళ్ల మధ్య ఒక పొడవాటి కర్ర మీద ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ ఉంది. షార్ప్‌షిన్ అనే చిన్న డేగ ఒకటి ఎక్కడి నుంచో దూసుకొచ్చి దాని తల మీద తన్నినంత పని చేసి వెళ్లింది. పగటి డేగలకు గుడ్లగూబ అంటే పగ కనుక వాటిని దగ్గరికి రప్పించి జాతిని నిర్ధారించుకోవడానికి ఆ బొమ్మను పెట్టారట.

ఈశాన్యం (గువాహటి) | సెప్టెంబరు 22

చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. నాది నెల్లూరు జిల్లా, ఉద్యోగరీత్యా ఈశాన్యంలో ఉంటున్నాను. మన దేశంలో వేటపక్షుల శరత్కాల వలస అంటే మొదట చెప్పుకోవలసినది అముర్ డేగ. సుమారు 150 గ్రాముల బరువుండే ఈ పక్షి తూర్పు సైబీరియా, ఉత్తర చైనాలలో పిల్లలను లేపి, అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర ఆగుతుంది. వాన తర్వాత నేలలోంచి లేచే ఉసుళ్లను తిని కొవ్వు పట్టి, అక్కడి నుంచి మన దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళుతుంది.

2012లో పాంగ్తి ఊరి దగ్గర వలలు వేసి రోజుకు 12,000 నుంచి 14,000 వరకు పడుతున్నారన్న అంచనా బయటికి వచ్చింది. మరుసటి ఏడాదికి ఊరివాళ్లు, చర్చి పెద్దలు, అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఆ వేటను పూర్తిగా ఆపేశారు. 2013లో భారత వన్యప్రాణి సంస్థవాళ్లు మూడు పక్షులకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టారు. వాటికి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. తర్వాతి ఏళ్లలో మణిపూర్‌లో కట్టినవాటితో కలిపి చూస్తే, ఈ పక్షులు నవంబరులో మన తెలుగు రాష్ట్రాల మీదుగా కూడా దాటుతున్నట్టు తెలుస్తోంది. అయితే లెక్క దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చూసినా "లక్షల్లో" అన్న మాటే వినిపిస్తుంది. సాయంత్రం చెట్ల మీద వాలేటప్పుడు ఆకాశం నల్లబడుతుంది, నిజమే. కానీ హాక్ మౌంటెన్‌లో లాగా గీత గీసి లెక్కించడం ఇక్కడ సాధ్యమా?

అంకెలపిచ్చి (హైదరాబాదు) | సెప్టెంబరు 22

గీత పద్ధతి అక్కడ పనిచేయదు. హాక్ మౌంటెన్‌లో పక్షి ఒకసారి వచ్చి దాటిపోతుంది. దోయాంగ్‌లో అదే పక్షి రోజుల తరబడి ఉండి, ప్రతి సాయంత్రం అదే చెట్టుకు వస్తుంది. సోమవారం లెక్కనూ మంగళవారం లెక్కనూ కూడితే ఒకే పక్షిని రోజుకొకసారి లెక్కించినట్టవుతుంది. అక్కడ చేయగలిగినది ఒకే సాయంత్రం అన్ని వాలే చోట్ల ఒకేసారి లెక్కించడం, సీజన్‌లో అతి పెద్ద ఒక్కరోజు సంఖ్యను ఏటా పోల్చుకోవడం. ఆ సంఖ్యను ఆ దారిన వెళ్లిన పక్షుల మొత్తం అనకూడదు, ఎందుకంటే కొన్ని వెళుతుండగా కొత్తవి వస్తుంటాయి.

2012 నాటి వల లెక్క కూడా అంచనాయే. ఊరివాళ్ల మాటల మీద, వలల సంఖ్య మీద వేసినది. దాన్ని తప్పుపట్టడం లేదు, ఆ అంచనా లేకపోతే ఆ వేట ఆగేది కాదు. కానీ దాన్ని జనాభా లెక్కలాగా ఉటంకించడం మానాలి.

ఈశాన్యం (గువాహటి) | సెప్టెంబరు 22

కొంత విభేదిస్తాను. అన్ని వాలే చోట్ల ఒకేసారి లెక్కించడం కాగితం మీద తేలిక. అక్కడ లోయకూ లోయకూ మధ్య నడిచి వెళ్లాలంటే అర రోజు పడుతుంది. దోయాంగ్ ఒక్కటే కాదు, మణిపూర్‌లోని తమెంగ్‌లాంగ్ జిల్లాలోనూ, అస్సాం, మేఘాలయలలోనూ ఇవి వాలుతున్నాయి, పైగా ఏటికేడు చోటు మారుస్తాయి. ఒక చోట సంఖ్య సగానికి తగ్గితే పక్షులు పక్క జిల్లాకు వెళ్లాయా, నిజంగా తగ్గాయా అని మీ పద్ధతి కూడా చెప్పలేదు. నా ఉద్దేశంలో అక్కడ లెక్క కంటే వల పడకుండా చూసే ఊరివాళ్ల కాపలాకే ముందు ఖర్చు పెట్టాలి.

నల్లరేగడి (నంద్యాల) | సెప్టెంబరు 24

ఈ చర్చను మా వైపుకు లాగుతున్నందుకు మన్నించాలి. రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడింది. కానీ చలికాలంలో అక్కడి గడ్డిలో వేరే అతిథులు కూడా ఉంటారు. మధ్య ఆసియా, రష్యా స్టెప్పీల నుంచి పిల్లిగద్దలు వచ్చి, పగలు చేల మీద తక్కువ ఎత్తున తిరుగుతూ మిడతలను, చిన్న పక్షులను పట్టుకుని, చీకటి పడేసరికి గుంపుగా గడ్డి మీదే, నేల మీదే నిద్రపోతాయి. 1980లలో ఇది దేశంలోని పెద్ద గుంపులలో ఒకటని పక్షి శాస్త్రవేత్తలు రాశారు. ఇప్పుడు ఆ సంఖ్య బాగా తగ్గిపోయింది. చుట్టూ ఉన్న గడ్డి నేలలు చాలావరకు దుక్కిలోకి వచ్చాయి, పత్తికీ శనగకూ పురుగుమందు కొడతారు, మిడత మిగలడం లేదు.

మేము కొందరం మిత్రులం అక్టోబరు చివరి నుంచి ఈ పిల్లిగద్దలను క్రమం తప్పకుండా లెక్కించాలనుకుంటున్నాము. మా దగ్గర కొండవరుస లేదు, వరదలా దాటిపోయే గుంపులూ లేవు. అంకెలపిచ్చి గారు చెప్పిన వాలే చోటు లెక్కే మాకు దారి అనిపిస్తోంది. ఎలా మొదలుపెట్టాలో సలహా చెప్పగలరా? పాలిపోయిన రంగు మగపక్షులను పోల్చుకోగలము గానీ, ఆడవీ పిల్లవీ సాయంత్రపు వెలుగులో అన్నీ ఒకేలా గోధుమ రంగులో కనిపిస్తాయి.

కిట్టటిన్నీ (అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా) | సెప్టెంబరు 24

నల్లరేగడి గారూ, చివరి సందేహానికి ముందుగా జవాబు చెబుతాను. పోల్చుకోలేనిదాన్ని పోల్చుకున్నట్టు రాయవద్దు. హాక్ మౌంటెన్ పట్టికలో కూడా జాతి తెలియని పక్షికి వేరే గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంచాలన్న పట్టుదలతోనే చాలా లెక్కలు చెడిపోతాయి. పాలిడ్, మాంటెగ్యూ, మార్ష్ హారియర్ అనేవి పిల్లిగద్దలలో రకాలు కనుక మీ పట్టికలో పాలిడ్ మగ, మాంటెగ్యూ మగ, మార్ష్ హారియర్, రకం తెలియని గోధుమ రంగు పిల్లిగద్ద అని నాలుగు గడులు చాలు. మాంటెగ్యూ మగపక్షి రెక్క పైన అడ్డంగా నల్లగీత ఉంటుంది, పాలిడ్‌కు ఉండదు. వెలుగు ఉన్నంతవరకు అది తేలికగానే తెలుస్తుంది.

జార్జియాలోని బాతూమీ దగ్గర 2008 నుంచి జరుగుతున్న లెక్క మీకు పనికొస్తుంది. నల్లసముద్రానికీ కాకసస్ పర్వతాలకూ మధ్య సన్నని దారి అది. శరత్కాలంలో 10 లక్షలకు పైగా వేటపక్షులు దాటుతాయి. దారి ఒక కేంద్రానికి అందనంత వెడల్పు కనుక రెండు కొండల మీద రెండు బృందాలు కూర్చుని, రేడియోలో మాట్లాడుకుంటూ, ఒకరి లెక్కలోకి వచ్చిన గుంపును మరొకరు వేయకుండా చూసుకుంటారు. రోళ్లపాడులో గడ్డి రెండు, మూడు చోట్ల ఉంటే మీరు కూడా ఒకే సాయంత్రం విడివిడిగా నిలబడి, ఫోనులో మాట్లాడుకోవలసి ఉంటుంది.

అంకెలపిచ్చి (హైదరాబాదు) | సెప్టెంబరు 25

దానికి కొన్ని చేర్పులు. సూర్యాస్తమయానికి గంట ముందే చోటులో కూర్చోండి, పూర్తిగా చీకటి పడే దాకా లేవవద్దు, ఎందుకంటే చాలా పిల్లిగద్దలు ఆఖరి నిమిషాలలోనే దిగవచ్చు. గడ్డికి తూర్పున ఉంటే పడమటి ఆకాశం వెలుగులో పక్షి ఆకారం స్పష్టంగా తెలుస్తుంది, రంగు మాత్రం తెలియదు. పడమర నుంచి చూస్తే రంగు కొంతసేపు తెలుస్తుంది, ఆకారం త్వరగా మాయమవుతుంది. ఇద్దరుంటే ఒకరు అటు, ఒకరు ఇటు. లోపలికి దిగినదాన్ని కూడండి, లేచి బయటికి వెళ్లినదాన్ని తీసివేయండి. గడ్డి మీదే కాసేపు తిరుగుతున్నవాటిని అసలు పట్టించుకోవద్దు, దిగినప్పుడే లెక్క. తూరుపుగాలి గారు చూసిన బొటనవేలి పద్ధతి ఇక్కడ కూడా అదే.

గడ్డిలోకి అడుగు పెట్టవద్దు. ఒకసారి బెదిరి లేచిన గుంపు ఆ రాత్రి వేరే చోట దిగవచ్చు, అప్పుడు మీ లెక్కతో పాటు వాటి నిద్ర కూడా పోతుంది. తెల్లవారుజామున అవి లేచి వెళ్లేటప్పుడు కూడా అప్పుడప్పుడు లెక్కించి, రాత్రి లెక్కతో సరిచూసుకోండి. రెండిటికీ తేడా ఎక్కువగా ఉంటే ఎక్కడో చూడని వైపు నుంచి దిగుతున్నాయని అర్థం.

పక్షులు ఒక్కటి కూడా రాని సాయంత్రాన్ని కూడా సున్నా అని రాసిపెట్టండి. వచ్చిన రోజులే రాసిన పుస్తకంతో ఎవరూ ఏమీ చేయలేరు.

నల్లరేగడి (నంద్యాల) | సెప్టెంబరు 25

చాలా ఉపయోగకరంగా ఉంది. అటవీ శాఖవారి అనుమతి కోసం దరఖాస్తు ఇచ్చాము. చేలలో నిలబడవలసి వస్తుంది కనుక రైతులతోనూ మాట్లాడుతున్నాము. వాళ్లలో పెద్దవాళ్లు కొందరికి మునుపు గద్దలు ఏ గట్టు వైపు దిగేవో బాగా గుర్తుంది. ఆ చోట్లను మ్యాపు మీద పెట్టి ఇక్కడ చూపిస్తాను. వాటిలో ఇప్పటికీ గడ్డి మిగిలిన చోట్లెన్నో చూశాక, ఎందరు మనుషులు కావాలో నిర్ణయించుకోవాలి.

పాతకాపు (విశాఖపట్నం) | సెప్టెంబరు 26

నల్లరేగడి గారూ, డిసెంబరులో మా చెల్లెలి ఇంటికి నంద్యాల వస్తాను. నా కళ్లు పిల్లిగద్దను పోల్చుకోలేవు గానీ చెప్పిన అంకెను గడిలో సరిగా రాయగలవు. ముప్ఫై ఏళ్లు హాజరు పట్టీలు రాసిన చేయి ఇది. పట్టిక రాసే మనిషి అవసరమైతే చెప్పండి.

నల్లరేగడి (నంద్యాల) | సెప్టెంబరు 26

తప్పకుండా రండి మాస్టారూ. చూసేవాడు కళ్లు తిప్పి కాగితం వైపు చూస్తే ఆ లోపల రెండు పక్షులు దిగిపోతాయి, రాసేవారు లేకపోవడమే మాకున్న పెద్ద లోటు. ఎర్ర లైటు టార్చి ఒకటి తెచ్చుకోండి, తెల్ల లైటు అక్కడ వెలిగించనివ్వము.